ఇంటి గ్యారేజీలో తూటాల రీలోడింగ్: అమెరికాలో 06 రకం లైసెన్సుకు దరఖాస్తు విధానం

అమెరికాలో వాడేసిన తూటాల ఇత్తడి కేసులను సేకరించి, శుభ్రం చేసి, వాటిలో కొత్త ప్రైమరు (పౌడరును మండించే చిన్న భాగం), పౌడరు, బుల్లెట్టు అమర్చి మళ్ళీ వాడుకోవడాన్ని రీలోడింగ్ అంటారు. తన సొంత వాడకానికి మాత్రమే ఇంట్లో బెంచి పెట్టుకుని రీలోడ్ చేసుకునేవారికి ఫెడరల్ లైసెన్సు అవసరం లేదు. లాభం కోసం అమ్మడం మొదలుపెట్టిన నాటి నుంచి ఆ వ్యక్తి చట్టం దృష్టిలో తూటాల తయారీదారు అవుతాడు. అప్పుడు ఏటీఎఫ్ అనే ఫెడరల్ సంస్థ నుంచి 06 రకం లైసెన్సు తీసుకోవాలి. రుసుము మూడేళ్ళకు 30 డాలర్లు. దరఖాస్తు ఫారాన్ని, వేలిముద్రల కార్డులను ఏటీఎఫ్ ఉచితంగానే ఇస్తుంది. అయినా ఇదే ఫారాన్ని "కిట్" పేరుతో వందల డాలర్లకు అమ్మేవారు, లైసెన్సు ఖాయమని మాట ఇచ్చి డబ్బు తీసుకునేవారు ఆన్‌లైన్‌లో ఉన్నారు, మనవాళ్ళలో కొందరు వారిని నమ్మి డబ్బు కట్టారు. ఏ మధ్యవర్తీ ఈ లైసెన్సు ఇప్పించలేడు, ఎందుకంటే నిర్ణయం ముఖ్యంగా ఆధారపడేవి రెండు విషయాలు: దరఖాస్తుదారు వలస స్థితి, ఆయన ఇల్లు ఉన్న చోట అమల్లో ఉన్న స్థానిక చట్టం. ఈ రెండింటినీ మరొకరు మార్చలేరు.

ముందుగా అర్హత. దరఖాస్తుదారుకు 21 ఏళ్ళు నిండి ఉండాలి, తీవ్రమైన నేర శిక్షలు ఉండకూడదు. వీటి గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. మనవారికి అసలు చిక్కు వీసా దగ్గర వస్తుంది. హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1, ఎల్-1 వంటి తాత్కాలిక వీసాలపై దేశంలోకి వచ్చినవారు తుపాకీని గాని తూటాలను గాని దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చాలామంది గమనించని విషయం ఏమిటంటే, ఆ చట్టంలోని నిర్వచనం ప్రకారం "తూటా" అంటే పూర్తిగా సిద్ధమైన తూటా ఒక్కటే కాదు. తుపాకీలో వాడేందుకు చేసిన ఖాళీ ఇత్తడి కేసు, ప్రైమరు, బుల్లెట్టు, పౌడరు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తూటా ఉన్నట్టే లెక్క. "నా దగ్గర తుపాకీయే లేదు, బెంచి మాత్రమే పెట్టుకున్నాను" అనే మాట హెచ్-1బీ మీద ఉన్నవారిని కాపాడదు. ప్రైమర్ల డబ్బా ఒక్కటి షెల్ఫులో ఉన్నా ఆ నిషేధం వర్తిస్తుంది. 2022లో చేసిన సవరణ తరువాత దీనికి గరిష్ఠ శిక్ష పదిహేనేళ్ళ జైలు. శిక్షతో పాటు దేశం నుంచి పంపివేసే ప్రక్రియ కూడా మొదలయ్యే ప్రమాదం ఉంది.

ఈ నిషేధానికి ఒక మినహాయింపు ఉన్న మాట నిజమే. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు చేతిలో ఉన్నవారికి నిషేధం వర్తించదు. దీన్ని చూపించి "హెచ్-1బీ ఉన్నా ఫర్వాలేదు, వంద డాలర్ల వేట లైసెన్సుతో పని అయిపోతుంది" అని చెప్పేవారు తారసపడతారు. ఆ మాటలో సగమే నిజం. వేట లైసెన్సు గడువు తీరిన మరునాడే నిషేధం తిరిగి వచ్చి, గ్యారేజీలో మిగిలిపోయిన సరుకే నేరమవుతుంది. అంతకన్నా ముఖ్యంగా, హెచ్-1బీ మీద ఉన్నవారు తమ యాజమాన్యం దగ్గర తప్ప వేరే చోట పనిచేసి సంపాదించడానికి వీల్లేదు, అమ్మకాల కోసం తూటాలు తయారు చేయడం అలాంటి పనే. వేట లైసెన్సు ఆ అనుమతిని ఇవ్వదు. ఐ-140 (గ్రీన్ కార్డు కోసం యాజమాన్యం వేసే పిటిషన్) ఆమోదం పొంది ఏళ్ళ తరబడి గ్రీన్ కార్డు కోసం ఎదురుచూస్తున్నవారు ఎందరో ఉన్నారు. ఆ ఆమోదం వల్ల వారి వీసా స్థితి మారదు. కార్డు చేతికి వచ్చాకే ఈ ఆలోచన చేయడం మంచిది. గ్రీన్ కార్డు ఉన్నవారికి, పౌరసత్వం తీసుకున్నవారికి ఈ అడ్డంకి లేదు, వారు నిశ్చింతగా ముందుకు వెళ్ళవచ్చు.

కుటుంబం విషయంలో కూడా ఒక జాగ్రత్త అవసరం. పన్నుల సౌలభ్యం కోసం ఎల్ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) పెట్టి, అందులో జీవిత భాగస్వామిని సభ్యురాలిగానో సభ్యుడిగానో చేర్చే అలవాటు మనలో ఉంది. వ్యాపార నిర్వహణను నిర్దేశించే అధికారం ఉన్న ప్రతి వ్యక్తినీ ఫారంలో "రెస్పాన్సిబుల్ పర్సన్"గా చూపించాలి, వారి పౌరసత్వం, వీసా వివరాలు, వేలిముద్రలు కూడా ఇవ్వాలి. ఆ భాగస్వామి హెచ్-4 మీద ఉంటే దరఖాస్తు అక్కడే చిక్కుకుపోతుంది. పేరు చేర్చకపోయినా, ఒకే ఇంట్లో ఉంటూ సరుకు మీద అదుపు ఉన్నవారికి కూడా అది ఉన్నట్టేనని కోర్టులు భావించే అవకాశం ఉంది కాబట్టి, అలాంటి ఇంట్లో పౌడరు, ప్రైమర్లు ఉంచే అరకు తాళం వేయాలి, ఆ తాళంచెవి లైసెన్సు ఉన్నవారి దగ్గరే ఉండాలి.

ఇక దరఖాస్తుదారులు ఎక్కువగా వెనుదిరిగే అసలు దశకు వద్దాం. అది ఏటీఎఫ్‌ కార్యాలయంలో జరిగేది కాదు, మీ ఊరి సిటీ హాలులో జరిగేది. ఫారం 7 అనే ఆ దరఖాస్తు ఫారం మీద సంతకం చేసేటప్పుడు దరఖాస్తుదారు ఒక ధ్రువీకరణ ఇస్తాడు: ఈ చిరునామాలో ఈ వ్యాపారం చేయడాన్ని రాష్ట్ర చట్టం గాని స్థానిక చట్టం గాని నిషేధించడం లేదని, అనుమతి వచ్చిన 30 రోజులలోగా ఆ చట్టాల షరతులన్నీ నెరవేరుస్తానని, అవి నెరవేరే దాకా వ్యాపారం మొదలుపెట్టనని. ఇంటి చిరునామా ఇచ్చినవారిలో ఎక్కువమంది ఈ వాక్యాలను చదవకుండానే సంతకం చేస్తారు.

నివాస ప్రాంతంలోని ఇంట్లో వ్యాపారం చేయడానికి చాలా నగరాలలో "హోమ్ ఆక్యుపేషన్" అనే నిబంధనలు ఉంటాయి. కొనుగోలుదారులు ఇంటికి రాకూడదు, బయటి ఉద్యోగులను పెట్టుకోకూడదు, పేలే స్వభావం లేదా మండే స్వభావం ఉన్న సరుకు నిల్వ చేయకూడదు అనే షరతులు వాటిలో సాధారణంగా కనిపిస్తాయి. ఈ చివరి షరతు దగ్గరే దరఖాస్తు నిలబడేదీ పడిపోయేదీ తేలుతుంది. హ్యూస్టన్ నగరానికి జోనింగ్ చట్టమే (ఏ ప్రాంతంలో ఏ పని చేయవచ్చో చెప్పే చట్టం) లేదు కదా అని అక్కడివారు నిశ్చింతగా ఉంటారు, కాని అక్కడ కూడా స్థలాల దస్తావేజులలోని ఆంక్షలు అమల్లో ఉంటాయి, వాటిని అమలు చేయించే అధికారం నగరానికి కూడా ఉంది.

ప్లానింగ్ విభాగానికి వెళ్ళినప్పుడు ప్రశ్న అడిగే తీరు చాలా ముఖ్యం. "ఇంట్లో చిన్న ఆన్‌లైన్ వ్యాపారం చేసుకోవచ్చా" అని అడిగితే కౌంటరులో ఉన్న ఉద్యోగి చేసుకోవచ్చనే చెబుతారు. ఆ జవాబుకు విలువ లేదు. తరువాత ఏటీఎఫ్ అధికారి అదే విభాగానికి ఫోను చేసి "ఈ ఇంట్లో తూటాల తయారీకి అనుమతి ఉందా" అని అడిగినప్పుడు, వారు మొదటిసారిగా ఆ మాట విని కుదరదంటారు, దరఖాస్తు అక్కడితో ఆగిపోతుంది. కాబట్టి మొదటిరోజే అంతా చెప్పాలి: తుపాకులకు వాడే తూటాలను గ్యారేజీలో రీలోడ్ చేస్తాను, పౌడరు నిల్వ ఇంత మించదు, కొనేవారెవరూ ఇంటికి రారు, ఉద్యోగులు ఉండరు, కాల్చి పరీక్షించడం ఇంటి దగ్గర జరగదు. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ఇచ్చి, జవాబు కూడా రాతపూర్వకంగానే కోరాలి. ఆ ఉత్తరంలో ఇంటి చిరునామా, ఆ స్థలం ఏ జోన్‌లోకి వస్తుందో ఆ పేరు, మీరు చెప్పిన పని వివరం, సంతకం చేసిన అధికారి హోదా ఉండేలా చూసుకోవాలి. వ్యాపారం అని మాత్రమే రాసి, తూటాల ప్రస్తావన లేకుండా ఇచ్చిన ఉత్తరాన్ని తీసుకోకుండా, మర్యాదగా సరిచేయించుకుని రావాలి. దీనికి కొన్ని వారాలు పట్టినా ఆ ఆలస్యం మంచిదే, ఎందుకంటే ఇక్కడ కుదరదని తేలితే ఫీజు కట్టకముందే, ఫారంలో తప్పుడు ధ్రువీకరణ ఇవ్వకముందే తెలుస్తుంది. ఫారంలో తెలిసీ అబద్ధం రాయడం విడిగా ఫెడరల్ నేరం.

అద్దె ఇంట్లో ఉండేవారు యజమాని నుంచి కూడా లిఖితపూర్వక అంగీకారం తీసుకోవాలి. ఫారంలో ఆ ఆస్తి యజమాని వివరాలు అడుగుతారు. అపార్ట్‌మెంటులో ఉండేవారు తమ లీజు కాగితాన్ని ఒకసారి చదివితే చాలావరకు అక్కడే జవాబు దొరుకుతుంది. ఇక హెచ్ఓఏ (ఇంటి యజమానుల సంఘం) ఉన్న కాలనీలలో మరో గందరగోళం ఉంది. హెచ్ఓఏ నిబంధనలు ప్రభుత్వ చట్టం కావు, అవి ఇంటి యజమానుల మధ్య ఒప్పందం. అందువల్ల అవి అడ్డుచెప్పినా ఏటీఎఫ్ లైసెన్సు ఇవ్వవచ్చు, కాని లైసెన్సు గోడకు తగిలించుకున్నాక కూడా హెచ్ఓఏ జరిమానాలు వేయగలదు, కోర్టుకు వెళ్ళగలదు. లైసెన్సు వచ్చింది కదా అని ఆ కాగితాలను పక్కన పెట్టకండి.

ప్లానింగ్ విభాగం ఉత్తరం చేతికి వచ్చాక మిగిలిన పని సులువు. ఫారం 7 నింపి, ప్రతి రెస్పాన్సిబుల్ పర్సన్‌కు ఎఫ్‌డీ-258 కార్డు మీద వేలిముద్రలు, రెండంగుళాల చదరపు ఫోటో జతచేసి, 30 డాలర్లతో ఫారం మీద ఉన్న ఓరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ చిరునామాకు పంపాలి. ఒక ప్రతిని మీ ప్రాంతపు పోలీసు చీఫ్‌కు లేదా షెరిఫ్‌కు పంపాలి; ఇది వారి అనుమతి కోసం కాదు, సమాచారం కోసం మాత్రమే. నేపథ్య తనిఖీలు అయ్యాక ఒక పరిశోధక అధికారి ఇంటికి వచ్చి కలుస్తారు. వారు పోలీసులు కారు, భయపడవలసిన పని లేదు. చట్టాలు వివరిస్తారు, చోటు చూస్తారు, జోనింగ్ గురించి అడుగుతారు. సరిగ్గా నింపిన దరఖాస్తు అందిన 60 రోజులలో నిర్ణయం రావాలని చట్టం చెబుతుంది. తిరస్కరిస్తే కారణాలతో నోటీసు వస్తుంది, అది అందిన 15 రోజులలోగా విచారణ కోరవచ్చు. ఈ గడువును మాత్రం ఎవరూ దాటనివ్వకూడదు.

బెంచి విషయానికి వస్తే, దానికి ఏటీఎఫ్ ప్రత్యేక కొలతలేవీ పెట్టలేదు. పట్టించుకోవలసింది అగ్నిప్రమాద నియమాలను. ఎన్ఎఫ్‌పీఏ 495 అనే ప్రమాణం ప్రకారం ఇంట్లో పొగరాని పౌడరును 20 పౌన్ల దాకా దాని సొంత డబ్బాలలోనే ఉంచవచ్చు. 20 దాటి 50 లోపు అయితే గోడలు కనీసం అంగుళం మందం ఉన్న చెక్క పెట్టెలో ఉంచాలి. ప్రైమర్లు పదివేలకు మించకూడదు. మీ కౌంటీలో అమలయ్యే నియమం దీనికన్నా కఠినంగా ఉండవచ్చు కాబట్టి ఫైర్ మార్షల్‌ను అడగాలి. భద్రత పేరుతో పౌడరును బరువైన ఇనుప బీరువాలో బిగించి పెట్టడం పెద్ద పొరపాటు. నిప్పంటుకుంటే చెక్క పెట్టె విడిపోయి లోపలి ఒత్తిడి బయటికి పోతుంది, మూసిన ఇనుప బీరువాలో ఆ ఒత్తిడి పెరిగి పెద్ద ప్రమాదమవుతుంది. చాలా ఇళ్ళలో గ్యాసుతో నడిచే వాటర్ హీటరు కూడా గ్యారేజీలోనే ఉంటుంది. దాని మంటకు దగ్గరలో బెంచి పెట్టకూడదు. వాడిన ప్రైమర్ల ధూళిలో సీసం ఉంటుంది, పిల్లలున్న ఇంట్లో అది కార్పెట్ల మీద చేరకుండా, ఆ బట్టలతోనే ఇంట్లోకి రాకుండా చూసుకోవాలి.

లైసెన్సు చేతికి వచ్చాక అమ్మిన తూటాల మీద 11 శాతం ఫెడరల్ ఎక్సైజ్ పన్ను ఉంటుంది, దాన్ని టీటీబీ అనే మరో విభాగానికి కట్టాలి. కొత్తవారు దీన్ని లెక్కలోకి తీసుకోకుండా ధర పెట్టి నష్టపోతున్నారు. కాలిఫోర్నియాలో తూటాలు అమ్మడానికి రాష్ట్ర వెండర్ లైసెన్సు వేరుగా కావాలి. ఇల్లినాయిలో తూటాలు ఉంచుకోవడానికే రాష్ట్రపు ఫాయిడ్ కార్డు ఉండాలి. అమెరికా పోస్టులో తూటాలు పంపడం నిషేధం. కాల్పుల సాధన చేసే రేంజికి తీసుకువెళ్ళే సంచితో భారతదేశానికి ప్రయాణం చేయకండి. జేబు మూలలో మిగిలిపోయిన ఒక్క తూటా శంషాబాద్ స్కానరులో కనిపించినా ఆయుధాల చట్టం కింద కేసు నమోదయ్యే పరిస్థితి వస్తుంది, పొరపాటు అని నిరూపించుకోవడానికి కోర్టుల చుట్టూ తిరగాలి.

ఈ లైసెన్సు మనిషికి, చిరునామాకు కలిపి ఇచ్చేది. ఉద్యోగం మారి డల్లాస్ నుంచి మరో ఊరికి వెళ్ళాలనుకునేవారు, కొత్త చోట తయారీ మొదలుపెట్టడానికి కనీసం 30 రోజుల ముందు ఫారం 5300.38 పంపి, సవరించిన లైసెన్సు తీసుకోవాలి. కొత్త ఊరి జోనింగ్ ఉత్తరం కూడా మళ్ళీ మొదటి నుంచి తెచ్చుకోవాలి, ఇల్లు కొనే ఒప్పందం మీద సంతకం పెట్టకముందే.