మిక్సీకి చోటు చాలట్లేదా? ఇబ్బంది ఎక్కడుందో చూసి సర్దుకోండి

చిన్న వంటింట్లో మిక్సీ ఎక్కడ పెట్టాలని ఎవరు అడిగినా నేను ముందు ఒకటే చెబుతాను. మిక్సీని ఒక్క వస్తువు అనుకోకండి, అది నాలుగు వస్తువులు. బరువైన మోటారు, జార్లు, మూతలు, వైరు. ఈ నాలుగింటినీ ఒకే మూలలో ఇరికించబోతేనే చిక్కులన్నీ. మోటారుకి కదలని చోటు కావాలి. జార్లకి గాలి ఆడాలి. మూతలకి సన్నటి సందు చాలు. వైరు మెలికపడకుండా ఉంటే చాలు. ఇది మనసులో పెట్టుకుంటే కింద చెప్పేవన్నీ సులువుగా అర్థమవుతాయి.

గట్టు మీద పెడితే జార్ పై అల్మారాకి తగులుతోంది

మనం సాధారణంగా మోటారు ఎత్తు చూసి "సరిపోతుంది" అనుకుంటాం. పెద్ద జార్ ఎక్కించి మూత పెడితే చాలా మిక్సీలు 40 సెంటీమీటర్లకి అటూ ఇటూ వస్తాయి. గట్టుకీ పై అల్మారాకీ మధ్య ఉండేది మామూలుగా 45 సెంటీమీటర్లు. నిలబెట్టడానికి చోటుంటుంది, కానీ జార్‌ని నిలువుగా పైకెత్తి తీయడానికి ఉండదు. అందుకే ప్రతిసారీ మిక్సీని ముందుకు లాగి, పని అయ్యాక వెనక్కి నెట్టాల్సి వస్తుంది.

టేపు తీసుకుని మూడు కొలతలు రాసుకోండి. మోటారు ఒక్కదాని ఎత్తు, పెద్ద జార్ మూతతో సహా ఎక్కించినప్పటి ఎత్తు, జార్ పూర్తిగా ఊడి వచ్చేదాకా పైకెత్తినప్పటి ఎత్తు. మూడోది గట్టు మీద ఖాళీ కంటే ఎక్కువైతే జార్‌ని మోటారు మీద ఉంచే ఆలోచన మానేయండి. మోటారు గోడ వైపు ఉండాలి, జార్లు వేరే చోట ఉండాలి. వెడల్పు కొలిచేటప్పుడు జార్ పిడినీ, వెనక వైరు వంగడానికి కావలసిన మూడు నాలుగు సెంటీమీటర్లనీ కలుపుకోండి. చాలామంది మర్చిపోయేది ఇదే.

లోపల పెడితే తీయడానికి బద్ధకం, బయట పెడితే గట్టంతా అదే

ఇక్కడ నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. రోజూ వాడేవాళ్లు మిక్సీని దాచకూడదు. దాచిన మిక్సీని తీయడం విసుగు, విసుగు వస్తే ఎక్కడ తీస్తే అక్కడే వదిలేస్తాం. రెండు వారాలు గమనించండి. వారానికి మూడు నాలుగు సార్లు చేతికి వస్తుంటే దాని చోటు గట్టు మీదే. గట్టు మీద నుంచి తీసేయాల్సింది మిక్సీ పక్కన పేరుకున్న మిగతా సామాను.

అంతకంటే తక్కువ వాడితే కింది అల్మారాలో, మోకాలికీ నడుముకీ మధ్య ఉండే అర మంచిది. మోటారు బరువు చాలావాటిలో 3 నుంచి 5 కిలోలు ఉంటుంది. తలకంటే ఎత్తులో పెట్టి చేతులు చాచి దించడం ప్రమాదం, చేయి జారితే కాలి మీదే పడుతుంది. లోతైన అరలో వెనక్కి పోయిన మిక్సీని లాగడం కష్టంగా ఉంటే, అంచు ఉన్న గట్టి ట్రేలో పెట్టి ఆ ట్రేని లాగండి. మిక్సీ కింది రబ్బరు కాళ్లు అర మీద పట్టుకుంటాయి గానీ ట్రే హాయిగా జారుతుంది. బయటికి జారే అర కొత్తగా పెట్టించుకుంటుంటే అది ఎంత బరువు మోస్తుందో ముందే అడగండి.

ఎత్తబోతే గట్టుకి అతుక్కుపోయింది

రబ్బరు కాళ్ల కింద గాలి లేక పట్టేసింది, అంతే. బలంగా పైకి లాగకండి, జార్ పట్టుకుని అసలు లాగకండి. ఒక మూల కాలి కిందకి చెంచా కాడ దూర్చి కొంచెం లేపితే గాలి వెళ్లి వదులుతుంది.

లోపల పెట్టిన జార్ మూత తీయగానే వాసన

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. వాసన వస్తే జార్ సరిగా కడగలేదనుకుని మళ్లీ తోముతాం, రెండు రోజులకి మళ్లీ అదే వాసన. వాసన జార్ గోడల్లో లేదు. మూతలోని రబ్బరు వాషర్‌ని గోటితో ఒక చివర పైకి లేపి చూడండి. అది కూర్చునే గాడిలో సన్నటి గీతలా జిగట పొర కనబడుతుంది, కొన్నిసార్లు నల్లటి చుక్కలు కూడా. అది తడి ఆరకముందే మూత బిగించి మూసేసినందుకు పట్టిన బూజు.

పని అయిన వెంటనే జార్‌లో సగం కంటే తక్కువ నీళ్లు, ఒక చుక్క సబ్బు వేసి అర నిమిషం తిప్పితే బ్లేడు కింద ఇరుక్కున్నది వదులుతుంది. తర్వాత వాషర్ ఊడదీసి, వాషర్‌నీ గాడినీ విడిగా కడిగి, గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. వారానికి ఒకసారైనా ఇది చేయాలి. జార్‌ని బోర్లించేటప్పుడు నున్నటి గట్టు మీద కాకుండా జాలీ స్టాండు మీద పెట్టండి. నున్నటి చోట మూతి మూసుకుపోయి లోపలి తడి లోపలే ఉండిపోతుంది. పూర్తిగా ఆరాక నిటారుగా నిలబెట్టి, మూత బిగించకుండా పక్కన ఉంచండి. దుమ్ము భయం ఉంటే పల్చటి నూలు గుడ్డ కప్పితే చాలు.

జార్ అడుగు కూడా చూడండి. అర మీద జార్ పెట్టిన చోట తుప్పు రంగు గుండ్రటి మరక పడుతుంటే బ్లేడు ఇరుసు దగ్గర తడి నిలుస్తోందని అర్థం. రాత్రంతా నీళ్లలో నానబెట్టే అలవాటుంటే మానేయండి. అడుగునుంచి నీళ్లు కారుతున్నట్టయితే ఎంత బాగా సర్దినా లాభం లేదు, బ్లేడు ఇరుసు తిరిగే గొట్టం లాంటి భాగాన్ని, అంటే బుష్‌ని, మార్పించాల్సిందే. తడి జార్‌ని మోటారు మీద ఎక్కించి ఉంచడం అన్నిటికంటే చెడ్డది, ఆ నీళ్లు మోటారులోకే దిగుతాయి.

మూత దొరకదు, దొరికినది పట్టదు

మూతల్ని పళ్లేలు నిలబెట్టే స్టాండులోనో సన్నటి డబ్బాలోనో నిలువుగా పెట్టండి. జార్ పిడి మీదా దాని మూత మీదా ఒకే రంగు గోళ్ల రంగు చుక్క పెడితే ఏది దేనిదో చూడగానే తెలుస్తుంది.

చోటు కలిసొస్తుందని జార్‌లో జార్ పెడితే ఇరుక్కుపోతోంది

పెద్ద జార్ బ్లేడు చిన్న జార్ అడుక్కి తగిలి గీతలు పడతాయి, తడి ఉంటే రెండూ పట్టేస్తాయి. తీయబోయి వేళ్లు కోసుకునే ప్రమాదం కూడా ఉంది. పక్కపక్కనే పెట్టి పిడులన్నీ ఒకే వైపు ఏటవాలుగా తిప్పి చూడండి, ఒక జార్ పిడి పక్క జార్ ముందున్న ఖాళీలో సర్దుకుంటుంది. అర చివర స్టవ్ పక్కన ఖాళీ ఉంది కదా అని ప్లాస్టిక్ జార్లు అక్కడ పెట్టకండి. వేడికీ ఆవిరికీ వంకర తిరిగితే మూత ఇక పట్టదు.

వైరు చుట్టి పెడుతున్నా, ఒక్కోసారి మిక్సీ తిరగట్లేదు

ఇది నాకు జరిగింది. చూడ్డానికి నీట్‌గా ఉంటుందని కొన్నేళ్లపాటు వైరుని మోటారు చుట్టూ బిగించి చుట్టాను. చివరికి వైరుని ఒక వైపు వంచి పట్టుకుంటేనే తిరిగేది. మెకానిక్ మోటారులోంచి వైరు బయటికి వచ్చే చోట కోసి చూపించాడు. పైన తొడుగు కొత్తదానిలా ఉంది, లోపల రాగి పోగులు సగానికి పైగా తెగిపోయి ఉన్నాయి. అలా తెగిన చోట వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉందని విన్నాక చాలా భయమేసింది.

అందుకే ప్లగ్గు తీసేసి, మోటారు దగ్గర 10 సెంటీమీటర్ల వైరుని వదులుగా వదిలి, మిగతాది అరచేతి వెడల్పు చుట్టలుగా వేసి మెత్తటి పట్టీతో కట్టండి. మోటారు వేడిగా ఉన్నప్పుడు చుట్టకండి. వైరుని పట్టుకుంటేనే తిరిగే పరిస్థితి వస్తే టేపు చుట్టి నెట్టుకురాకండి, వాడడం ఆపి వైరు మార్పించండి.

మోటారులోంచి బొద్దింకలు వస్తున్నాయి

మోటారు అడుగున గాలి కోసం రంధ్రాలుంటాయి. లోపల వెచ్చగా ఉంటుంది, ఒలికిన తునకలు అంచుల్లో దొరుకుతాయి, బొద్దింకకి ఇంకేం కావాలి. ప్లగ్గు తీసి, పిండిన గుడ్డతో అడుగూ జార్ కూర్చునే గుంటా తుడిచి, చల్లారాకే లోపల పెట్టండి. కవరు వేస్తే నూలుదే వేయండి, ప్లాస్టిక్‌ది తడిని బంధిస్తుంది. మిక్సీని గుడ్డ మీద పెట్టిగానీ అల్మారాలో ఉంచిగానీ తిప్పకండి. గాలి అందక వేడెక్కి ఆగిపోతుంది. అలా ఆగితే ప్లగ్గు తీసి చల్లారనివ్వండి, చాలా మిక్సీలకి అడుగున ఎర్ర బటన్ ఉంటుంది, దాన్ని నొక్కితే మళ్లీ పనిచేస్తుంది.

అన్నీ చేసినా ఇంకా చోటు చాలట్లేదు

మిక్సీతో వచ్చిన జార్లలో నిజంగా వాడేవి ఎన్నో చూడండి. చాలా ఇళ్లలో రెండే. మూడోదాన్ని బాగా ఆరబెట్టి, బ్లేడు చుట్టూ మందపాటి గుడ్డ పెట్టి, పెద్దగా చేయి వెళ్లని పై అరలోకి పంపండి. దాని వాషర్ ఊడదీసి కాగితంలో చుట్టి అదే జార్‌లో వేయండి, కావలసినప్పుడు వెతుక్కోనక్కర్లేదు.