పెయింటర్ పనిలో చేరబోతున్నారా? ముందు ఊపిరి సంగతి చూసుకోండి

పెయింటింగ్ పనిలో కొత్తగా చేరిన కుర్రాళ్లకు లప్పం పట్టడం, రోలర్ తిప్పడం, రంగు కలపడం ఎవరైనా నేర్పుతారు. ఊపిరితిత్తులు ఎలా కాపాడుకోవాలో నేర్పేవాళ్లు తక్కువ. ఇది మంచి పని. చెయ్యి తిరిగితే ఏళ్ల తరబడి తిండి పెడుతుంది. కానీ అన్నేళ్లూ ఆరోగ్యంగా చెయ్యాలంటే కొన్ని అలవాట్లు మొదటి వారంలోనే పడాలి. మాస్కు లేకుండా రుద్దడం ఒకసారి అలవాటైతే తర్వాత ఎవరు చెప్పినా చెవికెక్కదు.

పడిపోతామన్న భయం అందరికీ ఉంటుంది కాబట్టి నిచ్చెన గురించి కొద్దిగానే చెబుతాను. ఆనించిన చోటు 4 అడుగుల ఎత్తులో ఉంటే నిచ్చెన కాళ్లు గోడకు 1 అడుగు దూరంలో ఉండాలి. 12 అడుగులైతే 3 అడుగులు. రంగు అందని చోటు కనిపిస్తే దిగి నిచ్చెన జరపండి, పక్కకు వంగకండి. మడత నిచ్చెన చిట్టచివరి మెట్టు మీద నిలబడకండి. దగ్గర్లో కరెంటు తీగలుంటే అల్యూమినియం నిచ్చెనను అటువైపు తీసుకెళ్లనే కూడదు. స్విచ్‌బోర్డు ప్లేటు విప్పాలంటే ముందు మెయిన్ ఆపండి.

అసలు ప్రమాదం దుమ్ములో ఉంది. పాత ఇంటి తలుపులు, కిటికీల మీదున్న ఎనామెల్ (నూనె రంగు) పొరల్లో సీసం ఉండవచ్చు. అమెరికాలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసాన్ని 1978లో నిషేధించారు. చాలా దేశాల్లో ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు గానీ కట్టడి రాలేదు. అందుకే పాత రంగు కనిపిస్తే సీసం ఉన్నట్టే అనుకుని పని మొదలుపెట్టండి. పొడిగా రుద్దకండి, మంటతో కాల్చి ఊడదీయకండి. తడిపి రుద్దండి. రాలిన పొడిని చీపురుతో ఊడిస్తే మళ్లీ గాల్లోకే లేస్తుంది కాబట్టి తడిగుడ్డతో ఎత్తండి. చేతులు కడుక్కోకుండా ఏమీ తినొద్దు. పని బట్టలతో ఇంటికెళ్లి పిల్లల్ని ఎత్తుకోవద్దు, ఆ బట్టలు విడిగా ఉతకాలి. చిన్నపిల్లల మెదడు ఎదుగుదలను సీసం దెబ్బతీస్తుంది. మీ పని వల్ల వాళ్లకు ఆ హాని జరగకూడదు.

దుమ్ముకు వేసుకునే మాస్కు, రంగును పలచన చేసే థిన్నర్ ఆవిరిని ఆపదు. ఈ ఒక్క విషయం తెలియక చాలామంది మాస్కు ఉంది కదా అని ధీమాగా మూసిన బాత్రూమ్‌లో ఎనామెల్ వేస్తుంటారు. ఆవిరికి కార్బన్ కార్ట్రిడ్జ్ (ఆవిరిని పీల్చుకునే బొగ్గు డబ్బీ) ఉన్న మాస్కు కావాలి. గడ్డం పెరిగితే అది ముఖానికి సరిగా అతకదు. ముక్కు వాసనకు అలవాటు పడిపోతుంది, కాబట్టి వాసన తగ్గిందంటే గాలి శుభ్రపడిందని కాదు. తలనొప్పి, తల తిరగడం, వికారం మొదలైతే వెంటనే బయటికి రండి. థిన్నర్ ఆవిరి గాలి కంటే బరువు. నేల వెంటే పాకి పక్కగదిలో పొయ్యిని కూడా చేరగలదు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ పెయింటర్ వృత్తిలో ఎదురయ్యే రసాయనాల ప్రభావాన్ని 1989లోనే క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో చేర్చింది. అది బ్రష్ వదిలేయమని చెప్పినట్టు కాదు. నీటితో కలిపే రంగు సరిపోయే చోట దాన్నే ఎంచుకోండి. చేతికంటిన రంగును థిన్నర్‌తో కడగకండి, అది చర్మం గుండా లోపలికి వెళుతుంది. రెండు డబ్బాలు కలిపి వాడే పీయూ (పాలీయురెథేన్) రంగుల్లో, రంగును గట్టిపరిచే హార్డెనర్‌లో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. ఒకసారి అవి పడకుండా పోయి ఆస్తమా వచ్చిందంటే, తర్వాత కాస్త సోకినా ఆయాసం మొదలవుతుంది. ఎవరైనా నేర్పకుండా వాటిని స్ప్రే చేయకండి.

గాలి కలపకుండా ఒత్తిడితోనే రంగును స్ప్రే చేసే ఎయిర్‌లెస్ మెషిన్ దగ్గర మరీ జాగ్రత్త. దాని గన్ నుంచి రంగు ఎంత ఒత్తిడితో వస్తుందంటే చర్మాన్ని చీల్చుకుని లోపలికి దూసుకుపోతుంది. బయటికి సూది గుచ్చినంత గుర్తే కనిపిస్తుంది, లోపల మాత్రం కండ చచ్చిపోతూ ఉంటుంది. నొప్పి లేదని ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లి, గన్‌లోంచి రంగు లోపలికి దూరిందని స్పష్టంగా చెప్పండి, ఆ రంగు డబ్బా కూడా చూపించండి. ఆలస్యమైతే వేలు తీసేయాల్సి రావచ్చు. టిప్ (గన్ మూతి) మార్చే ముందు మెషిన్ ఆపి, ఒత్తిడి వదిలి, ట్రిగ్గర్ లాక్ చేయండి.

అవిసె నూనె తుడిచిన గుడ్డలు కుప్పగా పడేస్తే వాటంతట అవే వేడెక్కి మండిపోవచ్చు. విడివిడిగా ఆరేయండి, లేదా నీళ్లున్న మూత డబ్బాలో వేయండి.

పని ఒప్పుకునే ముందే మేస్త్రీని అడగండి: మాస్కు ఎవరిస్తారు, కార్ట్రిడ్జ్‌లు ఎప్పుడు మారుస్తారు, ఎత్తు పనికి బెల్టు ఉందా, దాని తాడు దేనికి కడతారు? కూలి గురించి అడిగినంత ధైర్యంగా ఇవీ అడగండి.