మెటర్నిటీ లీవ్ అయిపోయేలోపు పాపను చూసుకునే ఏర్పాటు చేసుకోవడం ఎలా?

ఉద్యోగానికి తిరిగి వెళ్లే రోజు దగ్గరపడేకొద్దీ ఇంట్లో ఒక లెక్క మొదలవుతుంది. "నీ జీతంలో సగం డే కేర్‌కే పోతుంది, ఇంకెందుకు వెళ్లడం?" అని ఎవరో ఒకరు అంటారు. అన్నవాళ్లకు చెడు ఉద్దేశం ఉండకపోవచ్చు. కానీ ఆ లెక్కే తప్పు. పాపను చూసుకునే ఖర్చు తల్లి జీతానికి పడే కోత కాదు, ఇంటి అద్దెలాగే ఇంటి మొత్తానికి వచ్చే ఖర్చు. ఈ ఒక్క మాట ఇంట్లో తేలకపోతే మిగతా ఏర్పాట్లన్నీ తల్లి నెత్తినే పడతాయి. అందుకే ఇది భార్యాభర్తలిద్దరూ కలిసి చదవండి. హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి ఊళ్లలో నెల జీతం మీద బతికేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాశాను. రోజు కూలీ మీద ఉన్నవాళ్లకు పనికొచ్చే విషయం కూడా మధ్యలో ఉంది.

1. ముందు తేదీలు రాసుకోండి

పది మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట, కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసిన మహిళకు మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల సెలవు జీతంతో వస్తుంది. అప్పటికే ఇద్దరు పిల్లలుంటే 12 వారాలే. నెల జీతం 21,000 లోపు ఉండి ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) కట్టేవాళ్లకు ఆ డబ్బు ఈఎస్‌ఐ నుంచి అందుతుంది.

ఇక్కడ చాలామంది గమనించని చిక్కు ఒకటుంది. 26 వారాల్లో 8 వారాల వరకు కాన్పుకు ముందే వాడుకోవచ్చు. అలా వాడేసుకుంటే తర్వాత మిగిలేది 18 వారాలు. అంటే పాపకు నాలుగు నెలలు నిండగానే ఆఫీసుకు వెళ్లాలి. డాక్టర్లేమో ఆరు నెలల దాకా తల్లిపాలే పట్టమంటారు. చాలా డే కేర్లు కూడా ఆరు నెలలు నిండనిదే చేర్చుకోవు. ఈ రెండు నెలల ఖాళీకే ఇళ్లలో పెద్ద టెన్షన్ వస్తుంది.

కాబట్టి ఆరోగ్యం సహకరిస్తే, డాక్టర్ సరేనంటే, కాన్పుకు ముందు సెలవు తక్కువ వాడుకోండి. అలా కుదరకపోతే ఆ రెండు నెలలకు వేరే ఏర్పాటు ఇప్పుడే ఆలోచించాలి. అమ్మమ్మ వచ్చి ఉండటమా, తండ్రి తన సెలవులు దాచుకుని అప్పుడు పెట్టడమా, ఇంటి నుంచి పని అడగడమా అన్నది తేల్చుకోండి. తిరిగి చేరే తేదీకి కనీసం మూడు నెలల ముందు వెతకడం మొదలుపెట్టండి. చంటిపిల్లల సీట్లు ఏ డే కేర్‌లోనైనా తక్కువే ఉంటాయి.

2. ఆఫీసు ఇవ్వాల్సింది మెయిల్‌లో అడగండి

50 మంది, అంతకు మించి ఉద్యోగులుంటే ఆ సంస్థ క్రెచ్ సౌకర్యం, అంటే పని వేళల్లో ఉద్యోగుల పిల్లలను చూసుకునే చోటు, కల్పించాలి. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టంతో ఇది వచ్చింది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ కొనసాగుతోంది. ఇందులో 50 మంది అంటే ఆడవాళ్లే అని కాదు, మొత్తం ఉద్యోగులు. "మా దగ్గర లేడీస్ తక్కువ" అనే జవాబు చెల్లదు. విశ్రాంతి సమయంతో కలిపి రోజుకు నాలుగుసార్లు తల్లి క్రెచ్‌కు వెళ్లి బిడ్డను చూసి రావచ్చు. బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు అదనం.

సెలవు అయ్యాక ఇంటి నుంచి పనిచేయడం మాత్రం హక్కు కాదు. పని స్వభావం అనుమతిస్తే, రెండు పక్షాలూ ఒప్పుకుంటే కుదురుతుంది. అందుకే "కొన్నాళ్లు వర్క్ ఫ్రం హోం ఇస్తారా" అని అడిగి వదిలేయొద్దు. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, వారంలో ఏయే రోజులు, ఏ పని ఇంటి నుంచి అవుతుందో రాసి పంపండి. మేనేజర్ నోటిమాటగా సరే అన్నా హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టండి, మేనేజర్లు మారిపోతుంటారు.

పాలు తీసి భద్రపరచడానికి తలుపు వేసుకునే గది, ఫ్రిజ్‌లో కాస్త చోటు కూడా అదే మెయిల్‌లో అడగండి. పంపుతో తీసిన పాలు గది వేడిలో 4 గంటలకు మించి ఉంచకూడదు, మన ఎండాకాలంలో అంతసేపు కూడా వద్దు. ఫ్రిజ్‌లో అయితే 4 రోజుల దాకా ఉంటాయి.

తండ్రి ఆఫీసును అడగడం మర్చిపోవద్దు. అక్కడ క్రెచ్ ఉందా, ఏదైనా డే కేర్‌తో ఒప్పందం ఉందా, ఫీజులో కొంత ఇస్తారా? ప్రైవేటులో పితృత్వ సెలవు చట్టంలో లేదు, కంపెనీ ఇష్టం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులైన తండ్రులకు 15 రోజులు వస్తాయి. కేంద్రంలో పనిచేసే మహిళలకు, ఒంటరి తండ్రులకు సర్వీసు మొత్తంలో 730 రోజుల చైల్డ్ కేర్ లీవ్ ఉంది. అందులో మొదటి 365 రోజులకు పూర్తి జీతం, మిగతా రోజులకు 80 శాతం వస్తుంది.

3. అసలు ఖర్చు కాగితం మీద పెట్టండి

డే కేర్ చెప్పే నెల ఫీజు ఒక్కటే ఖర్చు కాదు. ఒక ఉదాహరణ చూద్దాం. అంకెలు ఊహించి వేసినవే, మీ ఏరియా రేట్లు మీరు వేసుకోండి.

భార్య చేతికొచ్చే జీతం 28,000, భర్తది 36,000 అనుకుందాం. డే కేర్ ఫీజు 9,000. ఏడాదికోసారి కట్టే అడ్మిషన్ ఫీజు 12,000, అంటే నెలకు 1,000. ఆటో 1,800. వర్షం పడి ట్రాఫిక్‌లో ఇరుక్కుని సాయంత్రం ఆలస్యమైన నాలుగు రోజులకు రోజుకు 200 చొప్పున లేట్ ఫీజు 800. మొదట్లో జలుబులూ జ్వరాలూ తప్పవు కాబట్టి డాక్టర్‌కీ మందులకూ 900. మొత్తం 13,500.

దీన్ని భార్య జీతంతో పోలిస్తే దాదాపు సగం పోయినట్టు కనిపిస్తుంది. ఇద్దరి జీతం 64,000తో పోలిస్తే అది అయిదో వంతు. ఖర్చు మారలేదు, పక్కన పెట్టి చూసిన అంకె మారింది. ఉద్యోగం మానేస్తే 13,500 మిగులుతుంది సరే, 28,000 పోతుంది. దాంతోపాటు పీఎఫ్‌లో కంపెనీ వేసే వాటా, ఏటా వచ్చే ఇంక్రిమెంట్, ఆఫీసు ఇచ్చే ఆరోగ్య బీమా పోతాయి. పాపకు మూడేళ్లు దాటి స్కూలుకు వెళ్లడం మొదలయ్యాక డే కేర్ గంటలు తగ్గుతాయి. మానేసిన ఉద్యోగం అదే హోదాలో, అదే జీతంతో తిరిగి దొరకడం మాత్రం కష్టం. మానేయాలనుకుంటే మానేయవచ్చు, అది మీ ఇద్దరి నిర్ణయం. కానీ "గిట్టుబాటు కాదు" అని మానేసే ముందు ఈ లెక్క పూర్తిగా వేయండి.

పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు చిన్న ఊరట ఉంది. ప్లే స్కూల్ ట్యూషన్ ఫీజు సెక్షన్ 80సీ (2026 ఏప్రిల్ నుంచి కొత్త చట్టంలో సెక్షన్ 123) కింద 1.5 లక్షల పరిమితిలో చూపించుకోవచ్చు. డే కేర్ ఫీజుకు అది వర్తించదు. రెండూ ఒకే చోట నడుస్తుంటే రశీదులో ట్యూషన్ ఫీజు విడిగా రాయించుకోండి.

4. ఎవరు చూసుకుంటారు?

అమ్మమ్మ, నానమ్మ ఉంటే చాలామందికి అదే మొదటి ఆలోచన. మంచిదే. కానీ అరవై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులు, బీపీ మాత్రలు, పాకే బిడ్డ వెనక రోజుకు పది గంటలు. "మీకేం పర్వాలేదా?" అని అడిగితే కాదని చెప్పలేరు. అందుకని ఇంటి పనికి మనిషిని పెట్టడం, వారంలో రెండు రోజులు పూర్తి విశ్రాంతి, ఊరికి వెళ్లే తేదీలు ముందే మాట్లాడుకోండి. పెద్దవాళ్లు ఇంట్లో ఉన్నా, పాపను సగం రోజు డే కేర్‌లో వేసే ఏర్పాటు చాలా ఇళ్లలో బాగా నడుస్తుంది. ఖర్చూ తగ్గుతుంది.

ఇంటికి ఆయాను పెట్టుకుంటే ఆధార్ కాపీ, పోలీస్ వెరిఫికేషన్, ఇంతకుముందు పనిచేసిన ఇంటివాళ్లతో ఫోన్‌లో మాట్లాడటం తప్పనిసరి. జీతం, వారపు సెలవు, పండగలు మొదటి రోజే తేల్చండి. ఆమెకూ చిన్నపిల్లలు ఉండవచ్చు. వాళ్లను ఎవరు చూస్తున్నారో అడగండి. ఆ ఏర్పాటు గట్టిగా లేకపోతే మీ ఏర్పాటు కూడా నిలబడదు.

పాచిపని, కూలిపని, బట్టల షాపులో సేల్స్ పని చేసే తల్లులకు నెలకు వేలల్లో ఫీజు అనేది మాటల్లో కూడా రాదు. వీళ్లకు ఉన్న దారి అంగన్‌వాడీ. అయితే మామూలు అంగన్‌వాడీ బడి మూడేళ్లు నిండినవాళ్లకు, అదీ సాయంత్రం దాకా ఉండదు. కేంద్రం మహిళల కోసం నడిపే మిషన్ శక్తిలో భాగంగా పాల్నా పథకం కింద అంగన్‌వాడీలకు అనుబంధంగా క్రెచ్‌లు పెడుతోంది. 2025-26 నాటికి దేశం మొత్తంలో 17,000 పెట్టాలన్నది లక్ష్యం. ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా పిల్లలను చేర్చుకుంటారు, తిండి కూడా అక్కడే. మీ దగ్గర ఉందేమో అంగన్‌వాడీ టీచర్‌ను అడగండి, ఆమెకు తెలియకపోతే అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ ఆఫీసులో సీడీపీఓ అనే అధికారిని అడగండి. లేకపోతే బస్తీలో పదిమంది తల్లులు సంతకాలు పెట్టి ఒక అర్జీ ఇవ్వండి. ఢిల్లీలో మీరా మహదేవన్ 1969లో కట్టడం పని జరిగే చోటే కూలీల పిల్లలకు క్రెచ్ పెట్టి మొబైల్ క్రెచెస్ అనే సంస్థను మొదలుపెట్టారు. హైదరాబాద్‌లో ఇన్ని టవర్లు లేస్తున్నాయి, ఇసుక కుప్పల మీద ఆడుకునే పసిపిల్లలు ఇంకా కనిపిస్తూనే ఉన్నారు. ఇది మనందరం అడగాల్సిన విషయం.

5. డే కేర్‌కు మధ్యాహ్నం ఒకటిన్నరకు వెళ్లండి

ఉదయం పది గంటలకు రమ్మంటారు. అప్పుడు గోడల మీద బొమ్మలు, రంగుల కుర్చీలు, నవ్వుతూ పలకరించే మేడమ్ కనిపిస్తారు. చెప్పకుండా ఒకటిన్నరకు వెళ్తే అసలు సంగతి తెలుస్తుంది. అన్నాలయ్యి పిల్లలు పడుకునే వేళ అది. ఆయాలు అలసిపోయి ఉంటారు.

గుమ్మంలో నిలబడి చూడండి. పరుపులు విడివిడిగా ఉన్నాయా, ఒకే దుప్పట్లో ముగ్గురా? నిద్రపోని పిల్లాడిని ఏం చేస్తున్నారు, ఎత్తుకుని తిప్పుతున్నారా, టీవీ ముందు కూర్చోబెట్టారా, గదమాయిస్తున్నారా? పాల సీసాల మీద పేర్లు రాసి ఉన్నాయా? డైపర్ మార్చిన ఆయా చేతులు కడుక్కుని తర్వాతి బిడ్డను ముట్టుకుందా? పాకే పిల్లలూ పరుగెత్తే పిల్లలూ ఒకే గదిలో ఉంటే చిన్నవాళ్లకు దెబ్బలు తప్పవు. ఒక్కో ఆయాకు ఎంతమంది పిల్లలో మీరే లెక్కపెట్టండి, వాళ్లు చెప్పిన అంకె నమ్మొద్దు. ఏడాది లోపు పిల్లలు నలుగురికి మించి ఒక్కరి చేతిలో ఉంటే నేనైతే చేర్చను.

రెండో గుమ్మం ఉందా, మంటలార్పే సిలిండర్ గడువు ఎంతవరకు ఉంది, మేడ మీద అయితే కిటికీలకు, మెట్లకు గ్రిల్ ఉందా చూడండి. పాపను ఎవరికి అప్పగించాలో పేర్లూ ఫొటోలూ తీసుకుంటారా అని అడగండి. "తల్లిదండ్రులు లోపలికి రాకూడదు" అనే చోట చేర్చకండి. కెమెరాలు ఉన్నాయంటే సంతోషమే కానీ, ఎప్పుడైనా లోపలికి వెళ్లి చూడగలగడం దానికంటే పెద్ద భరోసా. సాయంత్రం గేటు దగ్గర నిలబడి ఇద్దరు ముగ్గురు తల్లులతో మాట్లాడండి. ఈ ఏడాదిలో ఎంతమంది ఆయాలు మారారో అడిగితే జవాబులోనే చాలా తెలిసిపోతుంది.

చోటు ఎంచుకునేటప్పుడు, ఇల్లు ఉప్పల్‌లో, ఆఫీసు గచ్చిబౌలిలో అయితే డే కేర్ ఇంటి దగ్గరే మేలు. పాపకు రోజూ అంత ప్రయాణం పడదు, మీకు కుదరని రోజు పక్కింటివాళ్లయినా తీసుకొస్తారు. ఆఫీసు ఆవరణలోనే మంచి క్రెచ్ ఉండి, పాలిచ్చే బిడ్డ అయితే అప్పుడు మాత్రం ఆఫీసు వైపు మొగ్గండి.

6. ఆఫీసులో చేరే ముందే అలవాటు చేయండి

రెండు వారాలు ముందే చేర్చండి. మొదటి రోజు మీరు పక్కనే ఉండి గంటసేపు, తర్వాత మీరు లేకుండా గంట, ఆపై సగం రోజు. వెళ్లేటప్పుడు చెప్పే వెళ్లండి, ఏమరుపాటుగా ఉన్నప్పుడు తప్పించుకుని వెళ్తే బిడ్డకు భయం పెరుగుతుంది. వారంలో కొన్ని రోజులు తండ్రే దింపి, తండ్రే తీసుకురావాలి. లేకపోతే డే కేర్ నుంచి వచ్చే ప్రతి ఫోనూ తల్లికే వస్తుంది. ఫారంలో మొదటి నంబరుగా ఎవరిది రాస్తున్నారో చూసుకోండి.

7. జ్వరం వచ్చిన రోజు ఎవరు ఆగుతారు?

వస్తుంది. మొదటి నెలల్లో తరచుగా వస్తుంది. జ్వరం ఉంటే డే కేర్ రానివ్వదు, రానివ్వకూడదు కూడా. జనం ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తున్నారో కేంద్రం లెక్క తీసిన 2024 టైమ్ యూజ్ సర్వేలో, ఇంట్లోవాళ్లను చూసుకునే పనిలో ఉన్న 15 నుంచి 59 ఏళ్ల ఆడవాళ్లు రోజుకు 140 నిమిషాలు అందులో గడిపితే, మగవాళ్లు 74 నిమిషాలు గడిపారు. పొద్దున్నే థర్మామీటర్ చూసుకుని అప్పుడు వాదించుకుంటే ఈ తేడా అలాగే ఉండిపోతుంది. నెల మొదట్లోనే క్యాలెండర్ మీద రాసుకోండి: సోమ, బుధ, శుక్ర వారాల్లో జ్వరమొస్తే ఒకరు, మంగళ, గురు వారాల్లో ఇంకొకరు. ముఖ్యమైన మీటింగ్ ఉంటే మార్చుకోండి. మూడో మనిషిని కూడా ఒకరిని ముందే మాట్లాడి ఉంచుకోండి, పిన్నిగారో, పక్క ఫ్లాట్ ఆంటీనో. వాళ్ల పేరూ ఫొటో కూడా డే కేర్ జాబితాలో ఉండాలి.

చివరిగా కాగితాల పని. మానిపించాలంటే ఎన్ని రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, డిపాజిట్ ఎప్పటిలోగా తిరిగిస్తారు, పాప పదిహేను రోజులు రాకపోతే ఫీజు తగ్గిస్తారా, ఫీజు ఏ నెలలో పెంచుతారు అన్న నాలుగు విషయాలూ చేర్చిన రోజే రాతపూర్వకంగా తీసుకుని, రశీదులతో పాటు ఇద్దరి ఫోన్లలోనూ ఫొటో తీసి పెట్టుకోండి.