ఆవకాయ రోజులొచ్చేలోపే: నాలుక పూతకి ముందు జాగ్రత్తలు, ఇంటి వైద్యం

దాళ్వా కోతలు పూర్తయి సంతలోకి ఆవకాయ కాయ దిగేసరికి డెల్టా ఊళ్ళలో ఇంటింటా ఒకటే మాట: "నోరు పూసిందండి, అన్నం సయించట్లేదు." వేడి చేసిందని తేల్చేసి సబ్జా గింజలు నానబెడతాం. ఆ మాట సగమే నిజం. ఎండ నేరుగా నాలుక మీద పుండు చెయ్యదు. చెమటతో ఒంట్లో నీరు తగ్గి, లాలాజలం చిక్కబడి నాలుక ఎండుతుంది. ఎండిన నాలుక పంటికి తొందరగా ఒరుసుకుంటుంది. దానిమీద కొత్తావకాయ కారం పడుతుంది, ఉక్కపోతకి రాత్రి నిద్ర కూడా ఉండదు. అన్నీ కలిస్తే పూత. అందుకే జాగ్రత్త మార్చిలోనే మొదలుపెట్టాలి.

మొదట చూసుకోవాల్సింది పళ్ళు. పూత ప్రతిసారీ ఒకే చోట వస్తుంటే అక్కడ ఎదురుగా ఉన్న పంటినే అనుమానించాలి. విరిగిన పన్ను మొన, పుచ్చు అంచు, వదులైన కట్టుడు పళ్ళు మాటిమాటికీ గీస్తుంటే ఏ మందూ నిలవదు. డెంటిస్టు ఆ మొన అరగదీస్తే పుండు దానంతటదే మానుతుంది. ఇక టూత్‌పేస్టు డబ్బా మీద సోడియం లారిల్ సల్ఫేట్ అని ఉందేమో చూడండి. నురగ కోసం కలిపే ఆ పదార్థం కొందరికి పడదు. అది లేని పేస్టుకి మారాక పూత రావడం తగ్గినవాళ్ళున్నారు.

రెండోది తిండి. మిల్లులో తెల్లగా పాలిష్ పట్టిన బియ్యంలో తవుడుతో పాటే బి విటమిన్లు చాలావరకు పోతాయి. మూడు పూటలా ఆ అన్నం, పచ్చడి, చారుతో గడిపితే పెదవుల మూలలు చీలతాయి, నాలుక గరుకు పోయి ఎర్రగా నున్నబడుతుంది. ఇది ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి2, బి12 లోటుకి గుర్తు. మునగాకు, తోటకూర, పెసలు వారంలో మూడు నాలుగుసార్లు తినాలి. గుడ్డు, చేప తినేవాళ్ళకి బి12 లోటు వచ్చే అవకాశం తక్కువ. పూర్తి శాకాహారులు పాలు, పెరుగు మానకూడదు, ఒకసారి రక్తపరీక్ష చేయించుకోవడం మంచిది. బి12 లోటున్నప్పుడు ఫోలిక్ యాసిడ్ బిళ్ళ ఒక్కటే వాడితే రక్తం మెరుగైనట్టు కనిపిస్తుంది కానీ నరాలు లోలోపల దెబ్బతింటూనే ఉంటాయి.

వంటింటి సంగతి. కందలో, చేమదుంపలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. నాలుకని దురదపెట్టేవి అవే. కందబచ్చలి చేసేటప్పుడు కంద ముక్క గరిటెతో నొక్కితే చిదిమిపోయేంత మెత్తగా ఉడకాలి, ఆ తర్వాతే చింతపండు పులుసు పోసి ఆవ పెట్టాలి. ముక్క కరకరలాడిందంటే ఆ పూట నాలుక మండక తప్పదు. పచ్చి మామిడికాయకి తొడిమ దగ్గర కారే సొన పెదవుల్ని, నోటి అంచుల్ని కాల్చేస్తుంది. తొడిమ తుంచి, కాయని బోర్లా పెట్టి సొన కారనిచ్చి, బాగా కడిగాకే పిల్లల చేతికివ్వండి. కారం మండితే నీళ్ళు తాగి లాభం లేదు, మిరపకారం నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. ఆవకాయ అన్నంలో ముద్దపప్పు, నెయ్యి కలుపుకోవడంలో ఆ సుఖమే ఉంది. పైన పెరుగన్నం తింటే ఇంకా మేలు. కిళ్ళీలో సున్నం ఎక్కువైతే నాలుక నిజంగానే కాలుతుంది. లంక పొగాకు చుట్ట, గుట్కా, వక్క మానకుండా పూతకి మందు వాడటం వృథా.

పూత వచ్చిందా? పగటి వెలుతురులో అద్దం ముందు, ఫోన్ టార్చి వేసి నాలుక బయటికి చాపి చూడండి. పక్కల్నీ, అడుగునీ కూడా చూడాలి. మధ్యలో పసుపు తెలుపు, చుట్టూ ఎర్రటి అంచుతో గుండ్రంగా ఉంటే అది మామూలు పూత, 7 నుంచి 14 రోజుల్లో మానుతుంది, ఒకరి నుంచి ఒకరికి అంటదు. జ్వరంతో గుంపుగా చిన్న నీటి పొక్కులైతే వైరస్, అది అంటుకుంటుంది. మీగడలా తెల్లటి పొర పట్టి, గీకితే కింద ఎర్రగా ఉంటే శిలీంధ్రం. షుగరున్నవాళ్ళకి, ఆస్తమాకి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడేవాళ్ళకి, కట్టుడు పళ్ళు పెట్టుకున్నవాళ్ళకి ఇది ఎక్కువ. ఇన్‌హేలర్ పీల్చాక ప్రతిసారీ పుక్కిలించి ఉమ్మాలి.

మామూలు పూతకి ఇంటి వైద్యంలో మొదటిది ఉప్పునీళ్ళే. గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో అర టీస్పూను ఉప్పు కరిగించి, అర నిమిషం నోట్లో ఉంచి తిప్పి ఉమ్మాలి. రోజుకి మూడు నాలుగుసార్లు, తిన్న తర్వాత. ఉప్పు ఎక్కువేస్తే తొందరగా మానుతుందనుకోవడం పొరపాటు, మంటే పెరుగుతుంది. మంట మరీ ఎక్కువగా ఉంటే అర కప్పు నీళ్ళలో టీస్పూను వంటసోడా కలిపి పుక్కిలించొచ్చు. అన్నానికి ముందు చిన్న ఐసుముక్క చప్పరిస్తే కాసేపు తిమ్మిరెక్కి నాలుగు ముద్దలు దిగుతాయి. చల్లటి మజ్జిగ, కొబ్బరినీళ్ళు, తాటి ముంజలు, మెత్తటి పెరుగన్నం తీసుకోండి. పులుపు, జంతికల్లాంటి గట్టివి, పొగలు కక్కే టీ వద్దు. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ 0.2 శాతందైతే 10 మిల్లీలీటర్లు ఒక నిమిషం, రోజుకి రెండుసార్లు. పళ్ళు తోముకున్న అరగంట తర్వాత వాడాలి, మింగకూడదు. ఎక్కువ రోజులు వాడితే పళ్ళకి గార పడుతుంది.

చెయ్యకూడనివి గట్టిగా చెప్పాలి. పుండు మీద ఆస్పిరిన్ బిళ్ళ అద్దొద్దు, చర్మం కాలుతుంది. లవంగ నూనె చుక్కలు, పటిక ముక్క నేరుగా పెట్టొద్దు. పొక్కు గిల్లొద్దు. పసిపిల్లల నాలుకకి బొరాక్స్ గ్లిజరిన్ రాయడం ఇంకా కొన్ని ఇళ్ళలో ఉంది. బొరాక్స్ బిడ్డ ఒంట్లోకి పోతే విషం, ఫిట్స్ రావచ్చు. ఏడాది నిండని బిడ్డకి తేనె కూడా నాకించకూడదు. రెండేళ్ళలోపు వాళ్ళకి బెంజోకెయిన్ ఉన్న తిమ్మిరి జెల్ రాయొద్దు.

చిన్నపిల్లల నోట్లో పుళ్ళతోపాటు అరచేతుల్లో, అరికాళ్ళలో పొక్కులొస్తే బడి మాన్పించండి, చేతులు సబ్బుతో కడిగించండి. సాధారణంగా వారం పది రోజుల్లో తగ్గుతుంది. అసలు భయం పుండుకి కాదు, మంటకి జడిసి నీళ్ళు తాగకపోవడానికి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు మొత్తం ఒకేసారి, దానిమీద రాసినన్ని నీళ్ళలో కలిపి చెంచాతో కొంచెం కొంచెంగా పట్టాలి. ఆరు నుంచి ఎనిమిది గంటలు మూత్రం పోయకపోయినా, ఏడిస్తే కన్నీరు రాకపోయినా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

పెద్దవాళ్ళకీ కొన్ని హద్దులున్నాయి. కీళ్ళవాతానికో సోరియాసిస్‌కో వారానికొకసారి మెథోట్రెక్సేట్ వాడేవాళ్ళకి నోరు పూస్తే అది మందు విషమయ్యిందనడానికి గుర్తు కావచ్చు, ఆ రోజే డాక్టరుకి చెప్పాలి. ఫిట్స్ మందో సల్ఫా మందో కొత్తగా మొదలుపెట్టాక నోటి పుళ్ళతోపాటు కళ్ళు ఎర్రబడి ఒంటి మీద పొక్కులు లేస్తే గంటలు కూడా ఆగొద్దు. నొప్పి లేకుండా నాలుక పక్కన గట్టిగా తగిలే పుండు, రక్తం కారేది, మెడలో గడ్డతో వచ్చేది, చుట్టా గుట్కా అలవాటున్నవాళ్ళకి నోరు తెరుచుకోవడం తగ్గడం: వీటికి ఉప్పునీళ్ళతో కాలం గడపొద్దు. మామూలు పూతే అనుకున్నది కూడా రెండు వారాలకి మానే దారి పట్టకపోతే చూపించుకోవాలి, మూడు వారాలైతే ఇక ఒక్క రోజు కూడా ఆగకూడదు. రాజమండ్రిలోనూ భీమవరంలోనూ డెంటల్ కాలేజీలున్నాయి. వెళ్ళేటప్పుడు వాడుతున్న మందుల అట్టలన్నీ తీసుకెళ్ళండి, పుండు మొదట కనిపించిన తారీఖు క్యాలెండరు మీద రాసిపెట్టుకోండి.