వానాకాలంలో బండికి డీజిల్ కొట్టించే ముందు

కోనసీమ కొబ్బరి, భీమవరం రొయ్యలు మోసే పికప్‌లకు ఈ సీజన్‌లో అసలు భయం డీజిల్‌లో కలిసిన నీళ్లు. కామన్ రైల్ ఇంజిన్ (డీజిల్‌ను ఎక్కువ ఒత్తిడితో ఒకే పైపు నుంచి అన్ని ఇంజెక్టర్లకూ పంపేది) అయితే ఇంజెక్టర్లు, హై ప్రెషర్ పంపు దెబ్బతింటాయి. వచ్చిన కిరాయంతా షెడ్డుకే పోతుంది.

• వరదలో మునిగి తేలిన బంకుకు వెంటనే వెళ్లొద్దు. భూమిలోని ట్యాంకులోకి నీళ్లు దిగి ఉండొచ్చు. తప్పదంటే, వాటర్ పేస్ట్‌తో (నీళ్లు తగిలితే రంగు మారే పేస్ట్) ట్యాంకును పరీక్షించారా అని అడగండి. డీజిల్ డెన్సిటీ (సాంద్రత) కూడా చూపించమనండి. మొహమాటం అక్కర్లేదు, అది మీ హక్కు. 15 డిగ్రీల సెల్సియస్ వేడికి సరిచేసిన డెన్సిటీ అంకె, బంకు రికార్డులోని అంకె కన్నా 3 పాయింట్లకు (ఘనపు మీటరుకు 3 కిలోలకు) మించి అటూ ఇటూ ఉంటే కొట్టించకండి.

• ట్యాంకర్ నుంచి లోడు దించుతుంటే ఆగండి. అడుగున ఉన్న మడ్డి పైకి లేస్తుంది.

• చెరువు గట్టు మీద డ్రమ్ముల్లోని డీజిల్ వద్దు.

• వాటర్ సెపరేటర్ (డీజిల్ నుంచి నీళ్లను వేరుచేసే భాగం) కింది స్క్రూ వదులు చేసి, గాజు సీసాలోకి కొంచెం దించి చూడండి. నీళ్లుంటే అడుక్కి చేరతాయి.

• రాత్రి బండి పెట్టేముందు ట్యాంకు నిండుగా ఉంచండి. ఖాళీ ఉంటే తేమ పడుతుంది, మన గాలిలో మరీనూ.

• డీజిల్ కొట్టించాక డాష్‌బోర్డు మీద డీజిల్‌లో నీళ్లున్నాయని చెప్పే లైటు వెలిగితే ఇంజిన్ ఆపేసి, మెకానిక్‌ను పిలవండి. మళ్లీ తాళం తిప్పొద్దు. బిల్లు పారేయకండి.