సంపులో పూడిక తీయడం – 4వ పాఠం: డెలివరీ పైపు ఎందుకు పూడిపోతోంది?

పోయిన పాఠం చదివి స్లర్రీ పంపును (బురద తోడే పంపు) చైన్‌తో గని సంపులో, అంటే నీళ్లు, బురద చేరే గుంటలో, దించిన చాలామందికి ఒకటే అనుభవం ఎదురైంది. మొదట చిక్కటి బురద బాగానే పడింది, కాసేపటికి ధార సన్నబడింది, ఆ తర్వాత ఆగిపోయింది. కొందరికి మర్నాడు స్టార్ట్ చేయగానే మోటారు ట్రిప్ అయింది, అంటే లోడు ఎక్కువై దానంతటదే ఆగిపోయింది. అందుకే ఇంపెల్లర్ (పంపులో తిరిగే రెక్కల చక్రం) అరుగుదల పాఠం వాయిదా వేసి ముందు బురదను బయటకు తీసుకెళ్లే ఈ డెలివరీ పైపు సంగతి తేలుద్దాం.

పెద్ద పంపు వేయాలా అని అడిగారు. వద్దు. మీలో ఎక్కువమంది 100 మి.మీ. మూతి ఉన్న పంపుకు, స్టోర్‌లో ఉందని 150 మి.మీ. పైపు బిగించారు. రాపిడి తగ్గుతుందన్నది మీ ఆలోచన. మంచినీళ్లకు అది సరైనదే. ఇసుక నీళ్లకు మాత్రం పైపు లావైన కొద్దీ వేగం తగ్గుతుంది, ఇసుక అడుగున కూర్చుంటుంది. ఈ తప్పు ప్రతి గనిలోనూ కనిపిస్తుంది, ప్రతిసారీ నింద పంపు మీదకే పోతుంది. అది నాకు సహించదు.

లెక్క చేసి చూడండి. గంటకు ఎన్ని క్యూబిక్ మీటర్లో దాన్ని 354తో గుణించి, పైపు లోపలి వ్యాసం (మి.మీ.) వర్గంతో భాగిస్తే సెకనుకు ఎన్ని మీటర్ల వేగమో వస్తుంది. గంటకు 56 క్యూబిక్ మీటర్లు పోతుంటే 100 పైపులో వేగం 2 మీటర్లు. 125లో 1.27. 150లో 0.88 మాత్రమే. ఇసుక కదలాలంటే నేను 2 మీటర్లకు తగ్గనివ్వను. అలాగని 80 పైపు వేస్తే వేగం 3 దాటుతుంది, రాపిడి బాగా పెరిగి అసలు ప్రవాహమే పడిపోతుంది, వంపుల దగ్గర పైపు త్వరగా అరుగుతుంది.

పంపు ప్లేటు మీది అంకెను నమ్మకండి, అది నీళ్లకు ఇచ్చింది. పైపు చివర 200 లీటర్ల డ్రమ్ము పెట్టి టైమ్ చూడండి. 13 సెకన్లలో నిండితే గంటకు సుమారు 55 క్యూబిక్ మీటర్లు.

చిక్కదనం కూడా తూకం వేయాలి. లీటరు బురద 1.2 కిలోలు తూగితే, అది ఇసుకైతే బరువులో 27 శాతమే ఘనపదార్థం. బొగ్గు పొడైతే 58 శాతం దాకా ఉంటుంది, ఎందుకంటే ఇసుక సాంద్రత 2.65, బొగ్గుది సుమారు 1.4. గోదావరి లోయ ఓపెన్‌కాస్ట్ (పైనుంచి తవ్వే) గనుల్లో బొగ్గు పొరల చుట్టూ ఇసుకరాయి ఉంటుంది కాబట్టి వానాకాలంలో ఈ రెండూ కలిసే సంపులోకి దిగుతాయి. తూకం 1.3 అయితే అదే ప్రవాహానికి, అదే ఎత్తుకు మోటారు మీద లోడు 30 శాతం పెరుగుతుంది. ఆంపియర్లు ఎక్కుతుంటే పంపును కొంచెం పైకి లేపండి, నీళ్లు కలిసి పలచబడుతుంది.

ఆపే పద్ధతి ముఖ్యం. బురద తోడుతుండగా స్విచ్ ఆపితే నిలువు పైపులోని ఇసుకంతా పంపు మీదకు జారుతుంది. మర్నాటి ట్రిప్పుకు కారణం అదే. ముందు పంపును పై నీళ్లలోకి లేపి, పైపు చివర తేట నీళ్లు వచ్చేదాకా నడిపి, అప్పుడు ఆపండి. ట్రిప్ అయితే మళ్లీ మళ్లీ స్టార్ట్ నొక్కవద్దు. కరెంటు ఐసోలేట్ చేసి (పూర్తిగా తెంచి), ఎవరూ మళ్లీ వేయకుండా లాక్ వేసి, పైకి తీసి కడగండి. కేబుల్ పట్టి లాగవద్దు. గట్టిపడినట్టు కనిపించే పూడిక మీద ఎవరినీ అడుగు పెట్టనివ్వద్దు, మనిషి దిగబడతాడు.

సాధన: ఒక షిఫ్టు మొత్తం గంటకోసారి డ్రమ్ము టైమ్, లీటరు తూకం, ఆంపియర్లు, లెక్కగట్టిన వేగం రాయండి. పైపు మార్చిన తర్వాత ఇంకో షిఫ్టు అలాగే రాయండి. ఇంపెల్లర్ అరుగుదల లెక్కను ఈ రెండు పట్టికలతోనే మొదలుపెడతాం.