రొయ్యల చెరువు నీటికి టీసీబీఎస్ ప్లేట్లు పోసే పద్ధతి

ఇందుకూరుపేట, విడవలూరు, కొత్తపట్నం వైపు ఆక్వా ల్యాబుల్లో విబ్రియో (రొయ్యలకు జబ్బు తేగల బ్యాక్టీరియా) లెక్కకు వాడేది టీసీబీఎస్ అగారే, అంటే విబ్రియోలు పెరిగేలా చేసిన, జెల్లీలా గడ్డకట్టే మేత. పది ప్లేట్లకు 200 మి.లీ. డిస్టిల్డ్ వాటర్, సుమారు 17.8 గ్రాముల పొడి చాలు. కంపెనీని బట్టి కొలత కాస్త మారుతుంది, డబ్బా మీదున్నదే పాటించండి. పొంగుతుంది కాబట్టి 500 మి.లీ. ఫ్లాస్కు తీసుకోండి.

దీన్ని ఆటోక్లేవ్‌లో (ఒత్తిడి ఆవిరితో సూక్ష్మజీవులను చంపే యంత్రం) పెట్టకూడదు. ఎక్కువ వేడికి అందులోని పదార్థాలు పాడై రంగు తేడా సరిగా తెలియదు. కలుపుతూ పొడి పూర్తిగా కరిగేదాకా మరిగించి దించేయండి.

50 డిగ్రీలకు చల్లారాక, స్పిరిట్ దీపం పక్కన, ఫ్యాన్ ఆపి, ప్లేటుకు 20 మి.లీ. పోయండి. వేడిగా పోస్తే మూతకు ఆవిరి పట్టి చుక్కలు రాలుతాయి, కాలనీలు (బ్యాక్టీరియా పెరిగి కనబడే చుక్కలు) ఒకదాన్లో ఒకటి కలిసిపోతాయి. మన కోస్తా ఉక్కలో ఇదే పెద్ద బెడద. గట్టిపడ్డాక మూత కొద్దిగా తెరిచి, శుభ్రమైన చోట ఆరనివ్వండి.

చెరువు నీళ్లు 0.1 మి.లీ. ప్లేటు మీద పరిచి, ప్లేటు బోర్లించి 30–35 డిగ్రీల్లో 18–24 గంటలు ఉంచాలి. పలుచన చేయాలంటే 2 శాతం స్టెరైల్ ఉప్పునీరే వాడండి, ఉప్పు లేని నీటిలో చాలా విబ్రియోలు చస్తాయి. కాలనీల సంఖ్యను 10తో, పలుచన చేసి ఉంటే ఆ రెట్లతో కూడా గుణిస్తే మి.లీ.కి లెక్క.

పసుపు కాలనీలు సుక్రోజ్ (చక్కెర) వాడుకునేవి, ఆకుపచ్చవి వాడుకోనివి. విబ్రియోల్లో ఒక రకమైన పారాహీమోలిటికస్ ఆకుపచ్చగా వస్తుంది, అయితే ఆకుపచ్చవన్నీ అదే కావు. ఆలస్యం చేస్తే పసుపు కాలనీలూ ఆకుపచ్చగా మారతాయి, వేళకే లెక్కపెట్టండి. వాడిన ప్లేట్లను 121 డిగ్రీల్లో ఆటోక్లేవ్ చేశాకే పారేయాలి, గుంట గట్టున పడేయొద్దు.